సమ్మెకు ఒక గంట సెలవు

మా ఆయనకు ఏ వస్తువునైనా తలకిందులు చేసి చూసే అలవాటుంది. బిస్కెట్ పొట్లం అయినా, నూనె ప్యాకెట్ అయినా, చుట్టాలింట్లో మన ముందు పెట్టిన పచ్చడి సీసా అయినా, చేతికి అందగానే తిప్పి అడుగు చూస్తాడు. తయారైన తేదీ, గడువు, బ్యాచ్ నంబరు, కంపెనీ చిరునామా అన్నీ చదివాక గానీ మూత తియ్యడు. పెళ్లైన కొత్తలో మా అక్క భోజనానికి పిలిచింది. ఎంతో ముచ్చటపడి పట్నం నుంచి తెప్పించిన రసగుల్లాల డబ్బా తెచ్చి ముందు పెట్టింది. ఈయన దాన్ని కళ్లద్దాల దగ్గర పెట్టుకుని కాసేపు చదివి, "గడువు దాటింది వదినా" అన్నాడు మెల్లగా. మా అక్క ఆ తర్వాత చాలాకాలం మమ్మల్ని భోజనానికి పిలవలేదు. నాకు అప్పుడొచ్చిన కోపం ఇంకా పూర్తిగా దిగలేదు.

పేరు విద్యాసాగర్. నెల్లికుదురులో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాడు. ఉద్యోగం ఫుడ్ ఇన్‌స్పెక్టర్. మేం జనగామలో ఉండేవాళ్లం. ఇటు జనగామ, అటు మహబూబాబాద్, పైన భూపాలపల్లి, ఇంత మేరకీ ఆయన ఒక్కడే. జీపు లేదు, బంట్రోతు లేడు. భుజానికి ఒక సంచీ, అందులో ఖాళీ సీసాలు, దారం, లక్క, కొవ్వొత్తి, ఒక ఇత్తడి ముద్ర. ఆ సంచీతో బస్సెక్కి పోయేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చేతులకు లక్క వాసన వచ్చేది. ఇప్పటికీ పోస్టాఫీసులో ఎక్కడైనా లక్క కరిగిస్తుంటే నాకు మా ఆయనే గుర్తుకొస్తాడు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ వాసన నాకిష్టం.

అయితే ఆ సంచీ ఆయన్ని ఒంటరివాణ్ని చేసింది. ఆయన బస్సు దిగాడని తెలిస్తే చాలు, బజారులో ఒక్కో షట్టరూ కిందికి దిగేది. హోటలుకు పోతే కప్పు రెండుసార్లు కడిగి చాయ్ తెచ్చేవారు, కానీ ఆయన కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు. పెళ్లిపత్రికలు ఇంటికి వచ్చేవి. పోతే మాత్రం వంటల దగ్గర నుంచి దూరంగా, ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. మర్యాదలాగే ఉండేది, మర్యాద కాదు. పాపం, ఆయనకు ఆ సంగతి తెలుసు.

ఇంకో బాధ కూడా ఉంది. ఆయన పని సవ్యంగా జరిగితే ఏమీ జరగదు. ఎవరికీ వాంతులు కావు, ఎవరూ దవాఖానలో పడరు, పేపర్లో ఏమీ రాదు. ప్రాణం పోశాడని డాక్టరుకు దండం పెడతారు గానీ, నిన్న నాకు కడుపునొప్పి రానందుకు నీకు దండం అని ఫుడ్ ఇన్‌స్పెక్టరుకు ఎవరు పెడతారు? ఇది నేనంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది.

సకల జనుల సమ్మె మొదలయ్యాక ఆ మనిషి మారిపోయాడు.

అది ప్రత్యేక తెలంగాణ కోసం రెండు వేల పదకొండు వానాకాలం చివర మొదలైన సమ్మె. ఆఫీసులకు తాళాలు, బస్సులు డిపోల్లో, పిల్లల బడులు బంద్. నేను టీచర్ని గనుక నేనూ సమ్మెలోనే ఉన్నాను. జనగామలో ఆఫీసుల ఆవరణలోనే, చెట్ల కింద టెంటు వేశారు. రెవెన్యూ వాళ్లు, పంచాయతీరాజ్ వాళ్లు, మేం టీచర్లం, అందరం ఒకే జంపఖానా మీద కూర్చునేవాళ్లం. మొదటిరోజు మా ఆయన మూలకు పోయి కూర్చుంటే, కన్వీనరు సోమనర్సయ్య, తహసీలాఫీసులో గుమాస్తా, చెయ్యి పట్టి లాక్కొచ్చి ముందు కూర్చోబెట్టాడు.

"సాగరన్నా, మూలకెందుకు గూసున్నవే? ఇయ్యాల ఇన్‌స్పెక్టర్ లేడు, గుమాస్త లేడు. అందరం ఒక్కటే."

సాగరన్నా అని ఆయన్ని ఎవరైనా పిలవడం నేను వినడం అదే మొదలు. మరునాటి నుంచి పొద్దున్నే లేచి, నాకంటే ముందే తయారై గుమ్మంలో నిలబడేవాడు. హైదరాబాదులో ఒక మీటింగులో ఈయన "గిట్ల" అన్నాడని కోస్తా ఆఫీసర్లు నవ్వారట ఒకప్పుడు. అప్పటి నుంచీ మీటింగుల్లో నోరు విప్పడం మానేశాడు. టెంటులో మైకు చేతికిస్తే గిట్ల, గట్ల, గిదేంది అని ఆపకుండా మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గొంతు మాత్రం ఘోరంగా ఉంటుంది, పాట ఎత్తుకోవద్దని నేనే బతిమాలాను.

అన్నిటికంటే ఆయనకు ఇష్టమైంది వంటావార్పు. వరంగల్ రోడ్డు మీద అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి వండుకోవడం, అక్కడే వరుసగా కూర్చుని తినడం. వంట బాధ్యత రషీదా బేగంది. పెళ్లిళ్లకు వండే మనిషి, యాభై దాటినా అన్నం ఉడికే పెద్ద గంజులు ఒంటిచేత్తో దించగలదు. ఆమె బగారన్నం, పప్పుచారు, వంకాయ కూర చేస్తుంటే మా ఆయన పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోసేవాడు. పెళ్లిళ్లలో ఎవరూ వంటల దగ్గరికి రానివ్వని మనిషి! ఒకరోజు ఉల్లిగడ్డలు కోస్తూ కోస్తూ పక్కనున్న నూనె డబ్బాను దొంగచాటుగా ఇటు తిప్పాడు. రషీదా బేగం చూడనే చూసింది.

"ఏంది భాయ్, సమ్మెల గూడ డ్యూటీ జేస్తున్నవా?"

అందరూ పడీపడీ నవ్వారు. ఈయన ఎర్రబడిపోయి డబ్బా వదిలేశాడు. నవ్విన వాళ్లలో ఒక్కరికీ భయం లేదు. ఆ సాయంత్రం ఇంటికొస్తూ, "శారదా, మంది నన్ను జూసి నవ్విండ్రు" అన్నాడు, ఏదో బహుమతి వచ్చినట్టు.

ఈ వంటావార్పులన్నిటికీ బియ్యం, పప్పు, నూనె ఇచ్చేది శ్రీశైలం. కిరాణా హోల్‌సేల్ దుకాణం ఆయనది. పెద్ద చెయ్యి, పెద్ద గొంతు. సమ్మె అంటే ప్రాణం. జీతాల్లేక మా ఇళ్లలో పండుగ కళ తప్పిన సంగతి తెలిసి, బతుకమ్మ పండుగ ముందు ఒకరోజు పిల్లల కోసమని ట్రాలీ నిండా మామిడి గుజ్జు డబ్బాలు పంపాడు. బడులు లేక పిల్లలంతా మా వెంటే రోడ్డు మీద తిరుగుతున్నారు. కాలం కాని కాలంలో మామిడి రసం అనేసరికి గిన్నెలు పట్టుకుని పొయ్యిల చుట్టూ మూగారు.

రషీదా బేగం మొదటి డబ్బా తీసుకుని, మూత మీద చాకు పెట్టబోయి ఆగింది. మూత ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేచింది. ఆమె డబ్బాను మా ఆయనకు అందించింది.

ఆయన తలకిందులు చేశాడు. చదివాడు. గోటితో లేబుల్ అంచు గీకాడు. కొత్త కాగితం ఊడి, కింద ఇంకో లేబుల్ బయటపడింది. వేరే కంపెనీ పేరు, ఎప్పుడో దాటిపోయిన గడువు. ఇంకో డబ్బా చూశాడు, ఇంకోటి చూశాడు. అన్నీ అంతే. పిల్లల్ని వెనక్కి పొమ్మని, శ్రీశైలాన్ని పక్కకు పిలిచాడు. నేనూ సోమనర్సయ్యా వెంట పోయాం.

"శ్రీశైలమన్నా, గివి యాడికెల్లి తెచ్చినవు?"

"పట్నంల గోదాముల అగ్గువకు దొరికితే తెచ్చిన. ఏమైంది?"

"లోపల పాడై గాలి పుట్టింది. పైన కొత్త కాగితం అతికిచ్చిండ్రు. పిల్లలకు పోస్తే పాణాల మీదికొస్తది. ఇంకెవలికన్న పంపినవా?"

శ్రీశైలం ముఖం కొంచెం మాడింది. "పొద్దుగాల ట్రాలీలల్ల పంపిన. నెల్లికుదురు టెంటుకు పోయినయి, చెల్పూర్ల కరెంటు ప్లాంటు కాడ కూర్చున్నోళ్లకు పోయినయి. రేపు పండుగపూట తాగుతరు."

"వాపస్ తెప్పియ్యి."

"ఏమని తెప్పియ్యాలె? నేను పంపిన సామాను ఖరాబుదని నేనే చెప్పాల్నా? నా ఇజ్జత్ ఏంగావాలె? నీకు నచ్చకపోతే గీడివి పక్కన వెట్టు." గొంతు పెరిగింది. మంది తిరిగి చూశారు. వాళ్లు చూస్తున్నారని శ్రీశైలం నవ్వు తెచ్చుకున్నాడు. "అయినా నువ్వు సమ్మెల ఉన్నవ్. సమ్మెల ఉన్నోడు తనిఖీ ఎట్ల జేస్తవే సాగరన్నా?"

ఆ మాటకు నలుగురైదుగురు నవ్వారు. ఈసారి మా ఆయన ఎర్రబడలేదు.

సంగతేమిటంటే, ఆయన నోటిమాటగా తాగొద్దంటే శ్రీశైలం వినక్కర్లేదు. ఇన్‌స్పెక్టరుగా జప్తు కాగితం రాసి, ముద్ర వేస్తే వినాలి. సరుకు ఎక్కడెక్కడికి పోయిందో అక్కడి నుంచి వాపసు తెప్పించాలి. కానీ మాది పెన్ డౌన్ సమ్మె. ఆ కాగితం మీద సంతకం పెట్టిన క్షణం ఆయన డ్యూటీ చేసినవాడు. డ్యూటీ చేసినవాణ్ని టెంటులో ఏమనేవారో మా అందరికీ తెలుసు. ఆ వారమే ఒక ఆఫీసులో రహస్యంగా ఫైళ్లు చూసిన సూపరింటెండెంటుకు గాజులు, చీర పంపారు.

నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. "మీకేమన్న పిచ్చా? ఫోన్లు జేసి తాగొద్దని చెప్పుండ్రి, అయిపాయె."

"ఎవలో ఫోన్ జేసి తాగొద్దంటే వింటరా శారదా? పంపినోడే చెప్పాలె."

నాకు కోపం వచ్చింది. ఎందుకు రాదు? ఇన్నేళ్లకు ఆ మనిషి నలుగురిలో కూర్చుని నవ్వుతూ తింటుంటే చూస్తున్నాను. అది పోతుందని నాకు కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. ఆయనకు నాకంటే బాగా కనబడుతోందని ఆ ముఖం చూస్తే తెలిసింది. నెల్లికుదురు ఆయన పుట్టిన ఊరు, దానికోసం ఆరాటపడ్డాడంటే అర్థముంది. కానీ చెల్పూర్‌లో ఆయనకు ఎవరూ లేరు, ఉంటే గింటే ఈయన్ని చూసి షట్టరు దించిన దుకాణదారులు ఉండొచ్చు.

ఆయన సోమనర్సయ్య దగ్గరికి పోయి నిలబడ్డాడు. బడిపిల్లలు నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు.

"అన్నా, నాకు సమ్మెకు ఒక గంట సెలవియ్యి."

"ఏందీ?"

"ఒక్క గంట. డ్యూటీల చేరి, గీ డబ్బాలు జప్తు జేసి, మళ్ల వచ్చి సమ్మెల గూసుంట."

సోమనర్సయ్య మంచివాడే, కానీ ఆ రోజు అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. "సమ్మెకు సెలవుంటదానే? గంట జేసినా సమ్మె ఇడిసినట్టే. దవాఖానోళ్లకు మినహాయింపు ఇచ్చినం గని నీకు ఇయ్యలే. నీ ఇష్టం" అని ముఖం తిప్పుకున్నాడు.

మా ఆయన ఇంటికి పోయి సంచీ తెచ్చుకున్నాడు. రోడ్డు పక్కన కూర్చుని కాగితం రాశాడు. సాక్షి సంతకం కావాలి. చుట్టూ అంతమంది ఉన్నాం, ఒక్కరూ ముందుకు రాలేదు. శ్రీశైలం బియ్యం అందరి కడుపుల్లో ఉంది. నేను పెడతానంటే భార్య సాక్ష్యం చెల్లదన్నాడు. అప్పుడు రషీదా బేగం కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెళ్లి వంటలు ఆమెకు చాలావరకు శ్రీశైలం ఇప్పించినవే.

"ఉబ్బిన డబ్బా ముందుగాల జూసింది నేనే. తే భాయ్, యాడ పెట్టాలె సంతకం?"

ఉర్దూలో సంతకం పెట్టి, మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది. ఆయన లక్క కరిగించి ముద్ర వేశాడు. శ్రీశైలం పళ్లు కొరుకుతూ నెల్లికుదురుకూ చెల్పూర్‌కూ ఫోన్లు చేశాడు. సాయంత్రానికి డబ్బాలన్నీ తిరిగొచ్చాయి. పరీక్షకు పంపుదామంటే పట్నంలో ల్యాబు వాళ్లు కూడా సమ్మెలోనే ఉన్నారు. అందుకని డబ్బాలన్నీ ఆఫీసు స్టోర్ రూములో పెట్టి, తలుపుకు తాళం వేసి, తాళం మీద సీలు వేశాడు. ఆ గది కిటికీ సరిగ్గా మా టెంటు వెనకే ఉంది.

మరునాడు ఆయన యథాప్రకారం పొద్దున్నే తయారై టెంటుకు వచ్చాడు. ఎవరూ తిట్టలేదు, గాజులు పంపలేదు. చాయ్ కప్పుల పళ్లెం వరుసలో అందరికీ వచ్చింది, ఆయన దగ్గర ఆగకుండా పక్కవాడికి పోయింది. అంతే. ఎవరో వెనక నుంచి, "ఎవలికేమైందని గంత లొల్లి? ఒక్కనికి కడుపునొచ్చిందా?" అన్నారు. నిజమే, ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన పని సవ్యంగా జరిగింది మరి! నేను లేచి నాలుగు మాటలు అనబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. మధ్యాహ్నానికి ఇంటికి పోయాడు. మర్నాటి నుంచి రాలేదు.

నేను టెంటుకు పోయేదాన్ని, ఎందుకంటే సమ్మె నాది కూడా. అయినా అక్కడ తిండి తినబుద్ధి కాక ఇంటికొచ్చేసేదాన్ని. ఆయన ఇంట్లో చిక్కుడుకాయలు వలిచి పెట్టేవాడు, కుళాయి రిపేరు చేసేవాడు. పెద్ద బతుకమ్మ నాడు చేలల్లో తిరిగి నాకోసం తంగేడు పూలు కోసుకొచ్చాడు. నా చేతికిస్తూ అలవాటుగా కట్టను తలకిందులు చేసి చూశాడు. "పూలకు గూడ తారీఖు ఉంటదా?" అన్నాను. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన అరుగు మీద కూర్చుని, రోడ్డు మీది నుంచి వినబడే పాటలు వింటూ చాలాసేపు ఉన్నాడు. ఆ రోజు నేను బతుకమ్మ పేరుస్తూ ఏడ్చాను.

పండుగ వెళ్లాక ఎండలు మళ్లీ కాశాయి. ఒక మధ్యాహ్నం నేను టెంటులోనే ఉన్నాను. సోమనర్సయ్య మైకులో మాట్లాడుతుంటే వెనక నుంచి ఢబ్బుమని చప్పుడైంది. టపాకాయ అనుకున్నాం. మళ్లీ ఒకటి, మళ్లీ రెండు. ఆ వెనకే వాసన వచ్చింది. ఆ వాసన గురించి రాయడం నాకు చేతకాదు. మైకు ఎక్కడిదక్కడ పడేసి, ముక్కులు మూసుకుని అందరూ రోడ్డు మీదికి ఉరికారు. ఉబ్బిన డబ్బాలు మూసిన గదిలో వేడికి పగులుతున్నాయి. ఒక డబ్బా మూత ఎగిరివచ్చి కిటికీ ఊచకు తగిలి, లోపలి నల్లటి గుజ్జు టెంటు గుడ్డ మీద చిమ్మింది. తెచ్చిననాడు దానికోసం గిన్నె పట్టుకుని నిలబడ్డ సోమనర్సయ్య మనవరాలు ఇప్పుడు ఆయన పక్కనే ఉంది. సోమనర్సయ్య ఆ గుడ్డనూ ఆ పిల్లనూ మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖంలో నెత్తురు లేదు.

నేను ఇంటికి చేరేలోపే సోమనర్సయ్య స్కూటరు మా గుమ్మంలో ఉంది. ముక్కుకు దస్తీ కట్టుకునే ఉన్నాడు.

"తమ్మీ, నీ డబ్బాలు పేలుతున్నయ్. వచ్చి గది తియ్యి."

"సీలు తీస్తే డ్యూటీ జేసినట్టయితది గదన్నా" అన్నాడు మా ఆయన, చిక్కుడుకాయ వలుస్తూనే. ఆయనకు ఎత్తిపొడవడం వచ్చని నాకు ఆనాడే తెలిసింది.

సోమనర్సయ్య దస్తీ విప్పాడు. కళ్లల్లో నీళ్లున్నాయి, వాసనకేనేమో నాకు తెలియదు. "గంట సెలవు నేనే ఇస్తున్ననే. రా, పోదాం."

సీలు తీసి, నోటికి గుడ్డ కట్టుకుని, మా ఆయనే గది కడిగాడు. సోమనర్సయ్య బకెట్లతో నీళ్లు తోడి ఇచ్చాడు. పగలని డబ్బాలు ల్యాబు కోసం విడిగా పెట్టి మళ్లీ సీలు వేశాడు. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేసినా వాసన పోలేదు. అది ఆయన లక్క వాసన కాదు, అయినా ఆ రోజు నాకు అదేమీ అడ్డం రాలేదు.

మరునాడు వంటావార్పు. రమ్మని సోమనర్సయ్య చెప్పి పంపినా, మా ఆయన రోడ్డు అవతలే నిలబడ్డాడు. రషీదా బేగం గంటె చేతిలో పట్టుకునే రోడ్డు దాటి పోయి, ఆయన్ని ముందు వరుసలోకి తీసుకొచ్చింది. "నువ్వు కూసుంటెనే వడ్డిస్త" అంది. ఇస్తార్లు వేసుకుని కూర్చున్న మందంతా చూస్తున్నారు. అప్పుడు శ్రీశైలం వచ్చాడు. చేతిలో కొత్త నూనె డబ్బా ఉంది. తానే దాన్ని తలకిందులు చేసి, అడుగు మా ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"సదువుకోవే. మంచిదే తెచ్చిన." తర్వాత మెల్లగా అడిగాడు. "కేసు ఉంటదా?"

"ఉంటదన్నా."

"ఉండనియ్యి." డబ్బా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆ కేసు తర్వాత నడిచింది, శ్రీశైలానికి జరిమానా పడింది. అయినా మా ఇంటికి చాయ్‌కి వస్తాడు.

మా ఆయన ఆ డబ్బా వైపు చూడలేదు. తల ఎత్తి రషీదా బేగంను అడిగాడు.

"అక్కా, నువ్వు జూసినవా?"

"జూసిన భాయ్."

"అయితే సాలు."

శ్రీశైలం చేతిని మెల్లగా పక్కకు జరిపి, బగారన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేను ఎదురు వరుసలో ఉన్నాను. నా ఇస్తార్లో ఏం వడ్డించారో నాకు కనబడలేదు, కళ్లు అట్లా నిండిపోయాయి. మా కాపురంలో ఎదురుగా ఉన్న డబ్బా అడుగు చూడకుండా ఆయన తిన్న మొదటి తిండి అది. నా చేతి వంటకు ఆ మర్యాద ఇంకా దక్కలేదు.